సంతకం పెట్టే ముందు

హైదరాబాద్,
12 అక్టోబరు 2025

చిరంజీవి వంశీకి,

నీ పరిశోధన పేపరు రాయడం అయిపోయిందని, మీ గైడుగారు కూడా సరేనన్నారని చదివి సంతోషించాను. అక్క ఫోన్లో ఆ కబురే పదేపదే చెప్పింది. వైరస్ పేరు మాత్రం చెప్పిన ప్రతిసారీ ఒక్కోలా పలికింది.

ఇక నీ ప్రశ్న. ఎక్కడికి పంపాలో తేల్చుకోలేకపోతున్నానని మూడు దారులు రాశావు. ఒకటి, గైడుగారు చెప్పిన పెద్ద విదేశీ జర్నల్. వేయడానికి డబ్బు అడగరు గానీ చందా కట్టినవాళ్లే చదవగలరు. అందరికీ తెరిచి ఉంచాలంటే మూడు వేల డాలర్లు కట్టమంటారు. రెండోది, ఐదు రోజుల్లో ప్రచురిస్తామని నీకు మెయిల్ పెట్టిన ‘ఇంటర్నేషనల్’ జర్నల్, తొమ్మిది వేల రూపాయలు చాలట. మూడోది మన దేశంలోనే ఒక శాస్త్ర సంఘం నడిపే పత్రిక. రాసేవాళ్ల దగ్గరా చదివేవాళ్ల దగ్గరా పైసా తీసుకోదు, కానీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చిన్నదని మీ ల్యాబ్‌లో పెదవి విరిచారు. నేను లైబ్రరీలో పనిచేసి రిటైరైనదాన్ని. మీ శాస్త్రంలో తప్పొప్పులు నాకు తెలియవు. జర్నళ్ల బిల్లులు, ఒప్పందాలు, వాటి వెనక జరిగే బేరాలు మాత్రం బాగా తెలుసు. ఆ వైపు నుంచే చెబుతాను.

నీ పేపరు ఎవరు చదవాలో ముందు అది ఆలోచించు. 2000 ఖరీఫ్‌లో మన అనంతపురం జిల్లా వేరుశనగ ఎలా పోయిందో మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు. నువ్వప్పుడు చంటిపిల్లాడివి. 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటింది. మొదట దాన్ని పాత మొవ్వుకుళ్లు తెగులే అనుకున్నారు. తర్వాత పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, వాళ్లతో పనిచేసినవాళ్లు పరీక్షించి, ఇది వేరే వైరస్ అని తేల్చారు. గట్ల మీద పెరిగే వయ్యారిభామలో ఆ వైరస్ దాక్కుంటుంది, దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ మీదికి మోసుకొస్తాయి. అది తెలిశాక మందు ఖరీదు ఎంత? పూతకు రాకముందే వయ్యారిభామను పీకేయడం, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేయడం. ఏ రైతైనా చేయగలిగిన పని. కానీ ఆ ముక్క రైతుకు చెప్పాల్సింది మండల వ్యవసాయాధికారి, ఆయనకు ఏ యూనివర్సిటీ లాగినూ ఉండదు. ఇక్రిశాట్ 2009లో తమవాళ్ల పరిశోధన వ్యాసాలన్నీ ఎవరైనా చదివేలా ఒక ఉచిత భాండాగారంలో పెట్టాలని నియమం పెట్టుకుంది. నువ్వు చేసింది కూడా ఆ తెగులుకు సంబంధించిన పనే. నీ పాఠకుడు అమెరికాలో ప్రొఫెసర్ ఒక్కడే అయితే గైడుగారి మాట విని ఊరుకోవచ్చు. నాకు తెలిసి నీ పాఠకుల్లో సగం మంది కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఉన్నారు.

చదవాల్సినవాళ్లకు అందకపోతే ఏమవుతుందో లైబీరియా సంగతి చూడు. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగింది. మొత్తం పదకొండు వేల మందికి పైగా చనిపోయారు. ఒక్క లైబీరియాలోనే 4,800 మందికి పైగా. ఆ దేశంలో ఈ జబ్బు వస్తుందని ఎవరూ ఊహించలేదని అప్పట్లో అందరూ అన్నారు. పాత పేపర్లు తిరగేస్తే తేలిందేమిటంటే, యూరప్ పరిశోధకులు అక్కడి జనం రక్తం పరీక్షించి, ఎబోలా ఉండే ప్రాంతాల జాబితాలో లైబీరియాను కూడా చేర్చాలని 1982లోనే రాసిపెట్టారు. ఫ్రాన్సు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వైరాలజీ పత్రికలో అచ్చయింది కూడా. లైబీరియా ఆరోగ్యశాఖ ప్రధాన వైద్యాధికారి బెర్నీస్ డాన్, మరో ఇద్దరు కలిసి 2015 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ సంగతి బయటపెట్టారు. ఆ పేపర్లలో ఒకటి డౌన్‌లోడ్ చేసుకోవాలంటే 45 డాలర్లు, అక్కడి డాక్టరుకు వారంలో సగం రోజుల జీతం. రక్తం ఇచ్చింది లైబీరియావాళ్లు, రచయితల్లో మాత్రం ఆ దేశం మనిషి ఒక్కడూ లేడు.

ఆ పేపరు ఎవరైనా చదివి ఉంటే ఎబోలా ఆగిపోయేదని నేననను. రహదారులు, ఆసుపత్రులు, గ్లవుజులు, నర్సులు, ఎన్నో కావాలి దానికి. కానీ మొదటి రోగి వచ్చినప్పుడు ఏదో ఒక ఆసుపత్రిలో ఒక డాక్టరుకైనా అనుమానం తగిలేది. పరిశోధన అంటే ఆ మాత్రం పనికి రావాలి కదరా.

అసలీ తాళాలు ఎవరు వేశారంటావు? రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రభుత్వాలు సైన్సు మీద డబ్బు కుమ్మరించాయి. ఆ డబ్బు ఎటు పారుతుందో అందరికన్నా ముందు కనిపెట్టినవాడు బ్రిటన్‌లో పెర్గమాన్ ప్రెస్ నడిపిన రాబర్ట్ మాక్స్‌వెల్. ఒక కంపెనీ సబ్బు ధర పెంచితే ఇంకో సబ్బు కొనుక్కుంటాం. జర్నల్ సంగతి అలా కాదు. ఒక జర్నల్‌లో వచ్చిన పేపరు ఇంకో జర్నల్‌లో దొరకదు, కాబట్టి ధర ఎంత పెంచినా లైబ్రరీలు కొనక తప్పదు. ఆయన 1991లో ఆ సంస్థను ఎల్సేవియర్‌కు 44 కోట్ల పౌండ్లకు అమ్మాడు. ఇవాళ ఆ ఎల్సేవియర్ ఉన్న గ్రూపులో సైన్సు ప్రచురణ విభాగానికి వచ్చే ఆదాయంలో నూటికి 38 దాకా లాభమే. ఎందుకుండదు? పరిశోధనకు డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. పేపరు మీరు రాస్తారు, దానికి వాళ్లు పైసా ఇవ్వరు. తప్పొప్పులు చూసే రెఫరీలూ మీ గైడుగారిలాంటి ప్రొఫెసర్లే, వాళ్లకూ పైసా లేదు. అంతా అయ్యాక ఆ పేపరునే మీ లైబ్రరీకి డాలర్లలో అమ్ముతారు.

ఆ డాలర్ల బాధ నేను పడ్డాను. ఏటా లైబ్రరీ కమిటీ మీటింగులో రూపాయి విలువ ఎంత పడిందో చూసుకోవడం, ఈ ఏడు ఏ డిపార్ట్‌మెంట్ జర్నల్ ఆపాలో తగువులాడుకోవడం. పోనీ చదివేవి మాత్రమే తీసుకుందామంటే, అలా విడిగా ఇవ్వం, మొత్తం ప్యాకేజీ తీసుకోవాల్సిందే అనేవారు. ఒకటి కోసం నలభై. మిగిలిన ముప్పై తొమ్మిది బీరువాల్లో దుమ్ము కొట్టుకునేవి. మన దగ్గర లేని పేపరు కావాలంటే పిల్లలు బెంగళూరు ఐఐఎస్‌సీ లైబ్రరీకి కార్డు రాసి, జిరాక్స్ పోస్టులో వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లు. ఈలోగా కొందరు పరిశోధనాంశమే మార్చేసుకునేవాళ్లు.

మరి ఇప్పుడు ‘ఒకే దేశం, ఒకే చందా’ వచ్చింది కదా, ఇంకా గోల ఎందుకంటావు. నిజమే, మంచి పనే. 2024 నవంబరు 25న కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. మూడేళ్లకు ఆరు వేల కోట్ల రూపాయలు. ముప్పై మంది ప్రచురణకర్తలు, పదమూడు వేల దాకా జర్నళ్లు, ఆరు వేల మూడు వందలకు పైగా ప్రభుత్వ సంస్థలు. శ్రీకాకుళంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పిల్లకూ, బెంగళూరు ఐఐఎస్‌సీ పిల్లాడికీ ఇప్పుడు ఒకే తలుపు. నా ఉద్యోగ జీవితంలో ఇది కలలో కూడా అనుకోలేదు. కానీ అది అద్దె ఇల్లు, సొంతిల్లు కాదు. ప్రస్తుత ఏర్పాటు 2027 దాకా. ఆ తర్వాత మళ్లీ బేరం, మళ్లీ డబ్బు. పైగా ప్రైవేటు కాలేజీలు ఇంకా బయటే ఉన్నాయి. సొంత క్లినిక్ నడుపుకునే డాక్టరు, విలేకరి, నేను చెప్పిన వ్యవసాయాధికారి, వీళ్లెవరూ అందులో లేరు. నీ సంగతే చూడు, పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చి యూనివర్సిటీ లాగిన్ పోయిన రోజున నీ పేపరే నీకు తెరుచుకోదు.

తెరిచిపెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. భౌతికశాస్త్రంవాళ్లు 1991 నుంచీ తమ పేపర్లు ‘ఆర్కైవ్’ అనే సైట్‌లో పెట్టుకుంటున్నారు. అమెరికాలో లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టాడు, ఇప్పుడు కార్నెల్ యూనివర్సిటీ చూసుకుంటోంది. 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన వచ్చింది. పరిశోధన పేపర్లు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదవగలగాలి, వాడుకోగలగాలి అని. పెద్ద ప్రచురణకర్తలు కొన్నేళ్లు ఎదిరించారు. తర్వాత తెలివి తెచ్చుకున్నారు. సరే, పాఠకుడి దగ్గర తీసుకోం, రచయిత దగ్గర తీసుకుంటాం అన్నారు. 2021లో నేచర్ పత్రిక తన పేపరును తెరిచిపెట్టడానికి పెట్టిన ధర 9,500 యూరోలు. మన డబ్బుల్లో ఎనిమిది లక్షలు దాటుతుంది. నీ జేఆర్ఎఫ్ భృతి నెలకు 37,000 రూపాయలు. దాదాపు రెండేళ్లు తిండి మానేసి కూడబెడితే ఒక పేపరు. ముందు పేద పాఠకుడిని బయట నిలబెట్టారు, ఇప్పుడు పేద రచయితను నిలబెడుతున్నారు. దీన్ని గొప్ప మార్పు అనడం నా వల్ల కాదు.

అందుకే ఆ మూడు వేల డాలర్లు కట్టొద్దు. గైడుగారి ప్రాజెక్టు డబ్బుల్లో మిగులుందని రాశావు. ఆ మిగులుతో రెండు సీజన్లు పొలంలో నమూనాలు సేకరించొచ్చు.

డబ్బు లేకుండా తెరిచిపెట్టలేమని ఎవరన్నా అంటే లాటిన్ అమెరికా చూపించు. బ్రెజిల్‌లో 1990ల చివర్లో ‘సైఎలో’ అని మొదలుపెట్టారు. ప్రభుత్వ డబ్బుతో, విశ్వవిద్యాలయాలూ శాస్త్ర సంఘాలూ నడిపే పత్రికలన్నిటినీ ఒకచోట చేర్చి తెరిచి ఉంచారు. ఆ ఖండంలో చాలా పత్రికలకు రచయిత ఫీజు అన్న ఊసే లేదు. మనకు మాత్రం తక్కువేముంది? సి.వి. రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికల పేపర్లను సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతుంది. కరెంట్ సైన్స్ ఎవరైనా చదవొచ్చు. 1913 నుంచి వస్తున్న ఐసీఎంఆర్ వారి వైద్య పత్రికా అంతే. కాబట్టి ఆ మూడో దారిని చూసి పెదవి విరిచినవాళ్లను పట్టించుకోకు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌కు వేసే మార్కు, నీ పేపరుకు వేసేది కాదు. అయినా నీకు రేపు పోస్ట్‌డాక్ కావాలి, సెలక్షన్ కమిటీలో కూర్చునేవాళ్లు జర్నల్ పేరే చూస్తారని నాకూ తెలుసు. ఉద్యోగం రాకపోతే నా ఆదర్శాలు నీకు కూడు పెట్టవు. అందుకని గైడుగారి జర్నల్‌కే పంపాలనుకుంటే పంపు. తప్పు పట్టను. అక్కడ వేసి కూడా తెరిచిపెట్టే దారి ఉంది, అసలు ఈ ఉత్తరం రాస్తున్నది దానికోసమే.

నీ పేపరుకు మూడు రూపాలుంటాయి. మొదట నువ్వు పంపే ప్రతి ఒకటి. రెఫరీలు చెప్పిన మార్పులన్నీ చేశాక ఎడిటర్ ఆమోదించిన ప్రతి రెండోది. ప్రచురణకర్త తన అక్షరాలతో, తన ముద్రతో ముస్తాబు చేసిన పీడీఎఫ్ మూడోది. ఆ మూడోది వాళ్లది. దాన్ని తీసుకెళ్లి ఎక్కడపడితే అక్కడ పెట్టకు. రీసెర్చ్‌గేట్ మీద ఇద్దరు పెద్ద ప్రచురణకర్తలు 2017లో జర్మనీలో కేసు వేసింది అలాంటి వాటి గురించే. రెండో ప్రతిని మాత్రం చాలా జర్నళ్లు పెట్టుకోనిస్తాయి, కొన్ని వెంటనే, కొన్ని ఆరు నెలలో ఏడాదో ఆగాక. విషయమంతా అందులోనే ఉంటుంది, ముస్తాబు, పేజీ నంబర్లు తప్ప పెద్ద తేడా ఉండదు. చిక్కేమిటంటే, పేపరు వచ్చేసిన సంబరంలో ఆ చివరి వర్డ్ ఫైల్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఏడాది తర్వాత ‘మేడమ్, ఫైనల్ ఫైనల్ 3 అని సేవ్ చేశాను, దొరకడం లేదు’ అంటూ నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎందరో. ఆమోదం మెయిల్ వచ్చిన రోజే దాన్ని విడిగా దాచు.

ఇంకో సంగతి, మీ ప్రాజెక్టు డీబీటీది, అంటే కేంద్ర బయోటెక్నాలజీ విభాగానిది అన్నావు. డీబీటీ, శాస్త్ర సాంకేతిక విభాగం డీఎస్‌టీ కలిసి 2014 డిసెంబరులోనే ఒక విధానం తెచ్చాయి. వాళ్ల డబ్బుతో జరిగిన పరిశోధన పేపరుకు ఆమోదం పొందిన ప్రతిని భాండాగారంలో పెట్టాలని అందులో ఉంది. చాలామంది గైడులకు ఇది తెలియదు, తెలిసినా అడిగేవాళ్లు లేరు. అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్ఐహెచ్ సంస్థ 2008 నుంచి ఇదే నియమం పెట్టి, ఏడాది గడువిచ్చేది. ఈ ఏడాది జూలై 1 నుంచి ఆ గడువు కూడా తీసేసింది. పేపరు అచ్చయిన రోజే జనానికి అందాలంది. కాబట్టి నువ్వేదో కొత్త పైత్యం మొదలుపెట్టావని ఎవరైనా అంటే ఈ రెండూ చూపించు. మీ యూనివర్సిటీకి భాండాగారం లేకపోతే యూరప్‌లో సెర్న్ నడిపే జెనోడో ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు, ఉచితం.

మొదటి ప్రతి, అంటే ప్రీప్రింట్, దాని గురించి భయపడుతూ రాశావు. ముందే బయటపెడితే ఎవరైనా కాజేస్తారేమోనని. ప్రీప్రింట్ మీద తేదీ పడుతుంది, నంబరు పడుతుంది. మీ గైడు బీరువాలో ఉన్న చిత్తుప్రతికి అవి రెండూ లేవు. కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ పూర్తిచేసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని వేగంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. ఎన్నో ఏళ్లుగా అందరూ వెతుకుతున్నది. 2002 ఆగస్టులో ఆ ప్రతిని కొందరు నిపుణులకు మెయిల్ చేసి, తమ సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టేశారు. రోజుల్లోనే ప్రపంచమంతా సరిచూసింది, ఒప్పుకుంది. ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్‌లో అచ్చయింది 2004లో. ఆ రెండేళ్లూ ఎవరైనా కాజేయగలిగారా? ఊరందరి ముందు పెట్టిన సొమ్మును ఎత్తుకుపోవడమే కష్టం.

అయితే ప్రీప్రింట్‌లో తప్పు ఉంటే అదీ ఊరందరి ముందే. 2020 జనవరి చివర్లో ఢిల్లీ నుంచి ఒక బృందం కరోనా వైరస్‌లో హెచ్ఐవీని పోలిన ముక్కలున్నాయని బయోఆర్కైవ్ అనే ప్రీప్రింట్ సైట్‌లో పెట్టింది. ప్రపంచం విరుచుకుపడింది, రెండు మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఈలోగా వాట్సాప్‌లో ఎక్కడెక్కడికి పోయిందో చెప్పక్కర్లేదు. దీన్ని చూపించి ప్రీప్రింట్లే ప్రమాదమనేవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు ఒకటే. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపరు రెఫరీలు చూసి, ఎడిటర్లు ఒప్పుకొని, లాన్సెట్‌లో 1998లో అచ్చయింది. వెనక్కి తీసుకున్నది 2010లో. పన్నెండేళ్లు! నువ్వు మాత్రం గైడుగారిని అడక్కుండా, సహరచయితలందరూ సరేననకుండా ప్రీప్రింట్ పెట్టకు. నువ్వు పంపే జర్నల్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో కూడా ముందే చూసుకో.

ఇక ఐదు రోజుల జర్నల్. దీని మీద ఎక్కువ రాయను, ఎందుకంటే నీకూ అనుమానం ఉండబట్టే చివర్లో రాశావు. ఐదు రోజుల్లో రెఫరీ దొరకడమే గగనం, చదివి రాయడం తర్వాతి మాట. మనవాళ్లు సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఈ వ్యాపారంలో మన హైదరాబాద్ పేరు ప్రపంచమంతా మోగింది. ఇక్కడి ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష జరగకుండానే జరిగిందని చెప్పడం, ఫీజు సంగతి చివరిదాకా దాచడం, ఒప్పుకోనివాళ్ల పేర్లు ఎడిటర్లుగా వేసుకోవడం, ఇవీ ఆరోపణలు. 2019లో నెవాడా కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అంతకుముందు 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒక విలేకరి, కావాలని తప్పులు పెట్టి రాసిన దొంగ పేపరును 304 ఓపెన్ జర్నళ్లకు పంపిస్తే సగానికి పైగా ఒప్పేసుకున్నాయి. దాన్ని చూసి ఓపెన్ అంటేనే దొంగ అనే మాట పుట్టింది, అది అన్యాయం. చందా జర్నళ్లకు కూడా పంపి చూస్తే గదా తెలిసేది. మంచి పత్రికలివీ అని యూజీసీ పెట్టుకున్న కేర్ జాబితాను ఈ ఫిబ్రవరిలో ఎత్తేసింది. జాబితాలో ఉన్న పత్రికల పేర్లే పెట్టుకుని నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొస్తుంటే అది ఉన్నా ఏం లాభం? నువ్వే చూసుకోవాలి. ఆ జర్నల్‌లో పాత పేపర్లు నాలుగు చదువు. ఎడిటర్ల జాబితాలో ఒకరికి మెయిల్ పెట్టి, మీరు నిజంగా ఉన్నారా అని అడుగు. ఓపెన్ జర్నళ్ల డైరెక్టరీ ఒకటుంది, డీఓఏజే అంటారు, ఇరవై వేలకు పైగా పత్రికలున్నాయి, ఎక్కువ వాటికి రచయిత ఫీజే లేదు. అందులో వెతుకు. నిన్ను పొగుడుతూ వచ్చిన మెయిల్‌ను మాత్రం నమ్మకు. మంచి జర్నల్ ఏదీ స్కాలర్‌ను ‘గౌరవనీయ ఆచార్యా’ అని పిలవదు.

సై-హబ్ గురించి గుసగుసగా ఒక వాక్యం రాశావు. మీ ల్యాబ్‌లో అందరూ వాడారని నాకు తెలియదనుకున్నావా? చందా గోడ దాటి పేపర్లను ఉచితంగా ఇచ్చే ఆ సైటును కజకిస్తాన్ అమ్మాయి అలెగ్జాండ్రా ఎల్బక్యాన్ 2011లో మొదలుపెట్టింది. ముగ్గురు ప్రచురణకర్తలు 2020లో ఢిల్లీ హైకోర్టుకెక్కారు, ఈ ఆగస్టులో దాన్ని ఇక్కడ ఆపేయమని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. నేను దాన్ని వాడమని చెప్పను, వాడినవాళ్లను దొంగలనీ అనను. ఆకలేసినవాడు గోడ దూకితే ముందు గోడ ఎందుకుందో అడగాలి. కానీ నువ్వు రాసేవాడివి కూడా. నీ పేపరుకు గోడే లేకుండా చేస్తే దాన్ని చదవడానికి ఎవరూ దూకక్కర్లేదు. నీకు పేపరు దొరక్కపోతే రచయితకు రెండు వాక్యాల మెయిల్ రాయి. నూటికి తొంభై మంది మర్నాటికి పంపిస్తారని పందెం కడతాను, తమ పేపరు ఒకరు అడిగారంటే అంత మురిసిపోతారు. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ పెట్టుకో, ఏ భాండాగారంలోనైనా ఉచిత ప్రతి ఉంటే అదే చూపిస్తుంది. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలవడానికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి చేశావు కదా. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో రాసిన ఆ అసలు పేపరు ఇవాళ నీ ఫోన్లోనే ఉచితంగా చదవొచ్చు, ఆ జర్నల్ ఇప్పుడు పూర్తిగా తెరిచేశారు. తీరికున్నప్పుడు చదువు. 

ఒప్పందం సంగతి ఆఖరికి పెట్టాను గానీ ముఖ్యమైనది అదే. ఆమోదం రాగానే ఒక ఫారం వస్తుంది. క్లిక్ చేయమంటారు, అందరూ చదవకుండా చేసేస్తారు. చాలావాటిలో కాపీరైటు మొత్తం వాళ్లకు రాసిచ్చేస్తున్నట్టు ఉంటుంది. దాని అర్థం తెలుసా? తెగులు సోకిన మొక్కకు నువ్వు ఎండలో నిలబడి తీసిన ఫొటోను, రేపు తెలుగు వ్యవసాయ పత్రికవాళ్లు వేసుకుంటామంటే, అనుమతి ఇవ్వాల్సింది నువ్వు కాదు, వాళ్లు. అదే మూడో దారి పత్రికలో క్రియేటివ్ కామన్స్ సీసీ-బై లైసెన్సు ఉంటే నీ పేరు వేసి ఎవరైనా అనువదించుకోవచ్చు, బొమ్మ వాడుకోవచ్చు, రైతు శిక్షణలో గోడకు అంటించుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. గైడుగారి జర్నల్ అయితే ఫారంలో మూడు చోట్ల చూడు: ఆమోదం పొందిన ప్రతిని పెట్టుకునే హక్కు ఉందా, ఎన్ని నెలల తర్వాత, బొమ్మలు మళ్లీ వాడుకోవచ్చా. వైరస్ జన్యుక్రమాలు ఎలాగూ జెన్‌బ్యాంక్‌లో పెడతావు. ఫొటోలు, పొలం లెక్కలు కూడా పేపరు పంపేముందే జెనోడోలో నీ పేరుతో పెట్టెయ్. అప్పుడు వాటి మీద తర్వాత ఎవరూ పేచీ పెట్టలేరు.

ఇంకొక పని ఉంది, అది ఏ జర్నలూ అడగదు. నీ పేపరు మొత్తాన్ని ఒకటిన్నర పేజీకి కుదించి తెలుగులో రాయి. వైరస్ ఎక్కడ దాక్కుంటుంది, ఏ వారంలో ఏం చూడాలి, ఏం పీకాలి, ఏ మందు దండగ. అది కూడా ఆ భాండాగారంలోనే పక్కన పెట్టు. మీ నాన్నకు చదివి వినిపించు. మధ్యలో ‘అంటే?’ అన్నచోటల్లా మళ్లీ రాయి.

దీపావళికి వస్తావు కదా. వచ్చేటప్పుడు గైడుగారి జర్నల్ వెబ్‌సైట్‌లో రచయితల ఒప్పందం నమూనా ఉంటుంది, దాన్ని ప్రింటు తీసుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం. ఐదు రోజులవాళ్లకు వద్దు అని కూడా రాయకు, రాస్తే ఇంకో పది మెయిళ్లు పెడతారు. తెలుగు చిత్తు కూడా తీసుకురా. ఎర్ర పెన్ను నా దగ్గరుంది.

నీ చిన్నమ్మ